పాత బొక్కలు చెప్పే తిండి చరిత్ర

(మెదక్ పట్టణంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిటో ఆ సారు, మెదక్‌లో చరిత్ర పాఠం చెప్పినన్నాళ్ళూ రాజుల పేర్లతో, యుద్ధాల తేదీలతో సరిపెట్టుకోలేదు. ఆ కాలపు జనం ఏం తిన్నారు, ఏం పండించారు, ఏం కట్టుకున్నారు అని పిల్లల్ని అడిగేవారు. పిల్లలు తెల్లమొహం వేస్తే, జవాబు పుస్తకంలో కూడా లేదని ఆయనే చూపించి, మరెక్కడ వెతకాలో ఆలోచించమనేవారు. ఆయన పేరిట మాట్లాడే గౌరవం దక్కినప్పుడు ఆ ప్రశ్నల్లో మొదటిదాన్నే తీసుకున్నాను. రాత పుట్టకముందు మన దక్కను నేల మీద మనుషులు ఏం తిన్నారు? ఆ సంగతి ఇవాళ మనకెలా తెలుస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. నాణెం రాజు సంగతి చెబుతుంది. శాసనం దాత సంగతి చెబుతుంది. పేరు మిగలని మామూలు మనిషి ఏం తిన్నాడో చెప్పేది అతను నమిలి పారేసిన బొక్క. పాత దిబ్బ ఏది తవ్వినా కుండపెంకుల తర్వాత విరివిగా కనబడేది అదే. చూసినవాళ్ళు పక్కకు నెట్టేసేది కూడా దాన్నే. ఆ బొక్కకు దక్కవలసిన మర్యాద దక్కాలని అడగడానికే ఈ ఉపన్యాసం.

తిన్నది మనిషేనా?

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. మొన్నమొన్నటిదాకా అది కర్నూలు జిల్లా. సున్నపురాతి కొండను నీళ్ళు తొలిస్తే ఏర్పడ్డ గుహలవి. అక్కడి మట్టిలో పాతకాలపు ఎముకలున్నాయని 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ లోకానికి తెలియజేశాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1884-85లో, భూగర్భ సర్వే శాఖ అధికారి రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఆ గుహల్ని తవ్వించారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించి, మన దేశంలో పాత రాతియుగం ఉందని నిరూపించిన ఫుట్ ఈయనే. గుహల్లో దొరికిన ఎముకల్ని శాస్త్రవేత్త రిచర్డ్ లైడెకర్ పరిశీలించి 1886లో వివరాలు ప్రచురించాడు. అందులో ముళ్ళపంది ఉంది, అడవిపంది ఉంది, దుమ్ములగొండి ఉంది, ఇవాళ మన ప్రాంతంలో ఊహకు కూడా అందని ఖడ్గమృగం ఉంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. గుహలో ఎముక దొరికినంత మాత్రాన ఆ జంతువును మనిషే తిన్నాడని చెప్పలేం. దుమ్ములగొండి వేటను గుహలోకి ఈడ్చుకొచ్చి తింటుంది. ముళ్ళపంది ఎండిన ఎముకల్ని పోగేసి కొరుకుతుంది. గుడ్లగూబలు చిన్న జంతువుల ఎముకల్ని కుప్పలుగా వదులుతాయి. వాన నీళ్ళు బయటివి లోపలికి తెస్తాయి. మన ఇళ్ళలోనే చూడండి. ఆదివారం కూర వండుకుంటే నల్లి బొక్కల్ని కొట్టి మూలుగ పీల్చుకుంటాం. మిగిలింది పెరట్లో వేస్తే కొంత కుక్క నములుతుంది, కొంత కాకి ఎత్తుకుపోతుంది, కొంత వానకు కొట్టుకుపోతుంది. వేల ఏళ్ళ తర్వాత తవ్వేవాడి చేతికి అందేది అలా మిగలగా మిగిలిన ముక్క. ఆ ముక్క మీద ఎవరెవరి చేయి పడిందో, ఎవరెవరి పన్ను పడిందో ముందు తేల్చాలి. తిండి మాట ఆ తర్వాత.

ఎలా తేలుస్తారో దగ్గరగా చూద్దాం. ఒక దుప్పి కాలి ఎముక చేతిలో ఉందనుకోండి. పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని భూతద్దంతో చూస్తారు. రాతి చాకు గీసిన గీత సన్నగా, తిన్నగా ఉంటుంది. లోపల అడుగుభాగం ఇరుకు. పెద్దది చేసి చూస్తే ఆ గీత లోపల ఇంకా సన్నని చారలు కనబడతాయి. పైగా అది ఎక్కడపడితే అక్కడ ఉండదు. కీలు ఊడదీయాల్సిన చోట, నరం తెంపాల్సిన చోట, కండ ఒలవాల్సిన చోట ఉంటుంది. దుమ్ములగొండి పన్ను గుంట గుండ్రంగా, అడుగు వెడల్పుగా పడుతుంది. మెత్తని కీళ్ళ కొసలు నమిలేసి ఉంటాయి. ముళ్ళపంది కొరికితే అంచుల వెంట వెడల్పాటి చదును గాట్లు వరుసగా పడతాయి. ఇక విరిగిన తీరు. పచ్చి ఎముకను మూలుగ కోసం రాయితో కొడితే మెలితిరిగినట్టు ఏటవాలుగా చీలుతుంది, అంచు నున్నగా ఉంటుంది. ఎండిపోయాక మట్టి బరువుకు విరిగితే అడ్డంగా, గరుకుగా విరుగుతుంది. ఆఖరున రంగు. మంట తగిలిన ఎముక ముందు గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు, వేడి బాగా పెరిగితే బూడిద రంగుకు, చివరకు తెలుపుకు తిరుగుతుంది. మాంసంతో సహా కాల్చిన ఎముకలో కండ కప్పని కొస మాత్రమే మాడి, మిగతాది మామూలుగా ఉంటుంది. ఇన్ని ఆనవాళ్ళు కలిస్తేనే అది మనిషి భోజనం.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో దక్షిణాఫ్రికా గుహలు నేర్పాయి. అక్కడి ఎముకల గుట్టల్ని చూసి, మన తొలి పూర్వీకులు క్రూరమైన వేటగాళ్ళని శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ అన్నాడు. సి.కె. బ్రెయిన్ అక్కడి అలాంటి గుహల ఎముకల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి, చాలా చోట్ల ఆ పూర్వీకులే చిరుతల పాలబడ్డారని 1981లో చూపించాడు. ఎముకలు అలాంటివే. అడిగిన ప్రశ్న మారితే కథ తలకిందులైంది.

కర్నూలు గుహల్లోనూ అలాంటి ఓపికే ఫలించింది. 1970ల్లో పురావస్తు పరిశోధకులు ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి ఆ ప్రాంతంలో మళ్ళీ పనిచేశారు. ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో మనిషి చెక్కిన ఎముక పనిముట్లు దొరికాయి. నిప్పుకు కాలిన పొయ్యి మట్టి దొరికింది. ఆ మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ళనాటిదని తేలింది. పొయ్యి, పనిముట్టు, జంతువు ఎముక ఒకే పొరలో కలిసినప్పుడు మనిషి అక్కడ వండుకు తిన్నాడని ధైర్యంగా చెప్పగలిగారు. మూర్తిగారు అంతటితో ఆగకుండా, ఆ చుట్టుపక్కల వేట మీద, అడవి తిండి మీద బతికే సమూహాలు ఏ కాలంలో ఏం తింటాయో, వేటను ఎలా పడతాయో గమనించి, ఆ తెలివితో పాత ఎముకల్ని అర్థం చేసుకున్నారు. మన నేలను అర్థం చేసుకోవడానికి మన నేల మీది మనుషుల్నే అడిగిన పద్ధతి అది.

బిల్లసర్గం ఎముకల మీద 2014లో మరో పెద్ద పరిశోధన వెలువడింది. సుమారు 2,00,000 ఏళ్ళ పొరల్లో 21 రకాల క్షీరదాలను గుర్తిస్తే, అందులో 20 ఉపఖండంలో ఈనాటికీ బతికే ఉన్నాయని తేలింది. ప్రపంచంలో చాలా చోట్ల పెద్ద జంతువులు తుడిచిపెట్టుకుపోయిన కాలంలో కూడా ఇక్కడ నిలిచాయి. మన పోచారం అభయారణ్యంలో తిరిగే దుప్పి, కణుతి, మనుబోతు అంత పాత కుదురుకు చెందినవి. లక్షల ఏళ్ళు తట్టుకున్నవాటిని మన తరంలో పోగొట్టుకోవడం ఎంత తప్పో వేరే చెప్పాలా?

దవడ చూసి వయసు చెప్పడం

జంతువు ఏదో తేలాక రెండో ప్రశ్న, ఎన్ని? కుప్పలో వంద ముక్కలుంటే వంద జంతువులని కాదు. ఒక మేకలోనే రెండు వందలకు పైగా ఎముకలుంటాయి. అందుకని ఒకే ఎముకను, ఒకే పక్కది తీసుకుని లెక్కిస్తారు. గొర్రె కుడికాలి చీలమండ ఎముకలు ఐదు, ఎడమకాలివి మూడు దొరికితే కనీసం ఐదు గొర్రెలున్నట్టు. ఆ తర్వాత మాంసం లెక్క. ఐదు గొర్రెల మాంసం, ఐదు ఎద్దుల మాంసం ఒకటి కావు. తల లెక్కలో గొర్రె గెలిచిన ఊళ్ళో కూడా కడుపు నింపింది ఎద్దే అయి ఉండవచ్చు.

మూడో ప్రశ్న వయసు. దీనికి జవాబు మన గొల్లకురుమలకు ఎప్పటినుంచో తెలుసు. అంగడిలో పొట్టేలు కొనేవాడు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. గొర్రెకు ముందరి పళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి ఏడాది, ఏడాదిన్నర మధ్య రెండు పెద్ద పళ్ళు వస్తాయి. తర్వాత నాలుగు, తర్వాత ఆరు. మూడేళ్ళు దాటాక ఎనిమిదీ నిండుతాయి. పురావస్తు పరిశోధకుడు చేసేది కూడా అదే పని. మట్టిలో ముందరి పళ్ళు ఊడిపోతాయి కాబట్టి దవడలో గట్టిగా నాటుకున్న దంతాలు చూస్తాడు. ఏది మొలిచింది, ఏది మొలుస్తోంది, ఏది ఎంత అరిగింది అని చూసి వయసు కడతాడు. కాలి ఎముకల కొసలు కూడా చెబుతాయి. లేత జంతువులో ఆ కొసలు విడిగా ఉండి, పెరిగాక అతుక్కుంటాయి.

ఇలా ఒక ఊళ్ళో దొరికిన దవడలన్నిటికీ వయసు కడితే ఆ ఊరి బతుకు బయటపడుతుంది. మగపిల్లల్ని పుట్టిన కొద్ది నెలల్లోనే కోసి, ఆడవాటిని ముసలివయసు దాకా ఉంచుకుంటే మందను పాలకోసం, ఈతకోసం పెంచారని అనుకోవచ్చు. పెరుగుదల పూర్తయ్యీ కాకముందే ఎక్కువగా కోస్తే మాంసం ప్రధానం. ముసలి ఎద్దుల కాలి ఎముకల కొసలు వెడల్పుగా సాగి, కీళ్ళలో అరుగుదల కనబడితే అవి బరువు లాగాయని అర్థం. 1973లో టర్కీ ఎముకల మీద సెబాస్టియన్ పేన్ గొర్రె, మేక దవడలతో వయసు కట్టే లెక్కలకు ఒక కొలమానం పెట్టాడు. నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. గొర్రె ఎముక, మేక ఎముక చాలా భాగాల్లో విడదీయలేనంత దగ్గరగా ఉంటాయి. ఎద్దు, బర్రె ముక్కలు కూడా అంతే. అనుభవం ఉన్నవాళ్ళు కూడా 'గొర్రె లేదా మేక' అని రాసి ఊరుకుంటారు. ఎముకలో మిగిలిన మాంసకృత్తిని పరీక్షించి జాతి చెప్పే పద్ధతులు ఈ శతాబ్దంలో వచ్చాక ఆ చిక్కు కొంత విడింది.

బూడిద దిబ్బల పశుపాలకులు

ఇప్పుడు మన తెలంగాణకు వద్దాం. మక్తల్ ప్రాంతంలో ఉట్నూరు అని ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, ఇది పాలమూరు వైపుది. అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉండేది. ఇలాంటివి రాయచూరు, బళ్ళారి, అనంతపురం ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల జనం వాటిని రాక్షసుల చితిబూడిద అన్నారు. ఇనుము కరిగించిన చోట్లని కొందరు పండితులు అన్నారు. 1957లో పురావస్తు పరిశోధకుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వాడు. గుంజలు పాతిన గుంతలు వరుసగా బయటపడ్డాయి. వాటి లోపల నేల మీద పశువుల గిట్టల అచ్చులు ఉన్నవి ఉన్నట్టు దొరికాయి. అది మంద కట్టేసిన దొడ్డి. ఏళ్ళ తరబడి పోగుపడ్డ పేడను ఉండుండి తగలబెట్టారు. ఆ వేడికి పేడలోని ఇసుక కరిగి గాజులా గట్టిపడింది. ఇలాంటి దిబ్బల్లోది పేడ బూడిదేనని జోయ్‌నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో కూడా నిర్ధారించాడు. ఉట్నూరు నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చువేసింది. 1963లో ఆల్చిన్ దక్షిణ భారత కొత్త రాతియుగపు పశుపాలకుల మీద పూర్తి పుస్తకమే రాశాడు.

ఈ జనం సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ కిందటివాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో దొరికిన ఎముకల్లో మూపురం ఉన్న పశువులవే ఎక్కువ. గొర్రె, మేక తర్వాత. జింకలు, దుప్పుల వంటి అడవి జంతువులు ఇంకా తక్కువ. ఉత్తర కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య జరిపిన తవ్వకాల్లో పశువుల దొడ్డి పక్కనే జంతువుల్ని కోసిన నేల ఒకటి బయటపడింది. పశువుల ఎముకలు, రాతి పనిముట్లు అక్కడ కలిసి ఉన్నాయి. కోసినది ఒక కుటుంబం పూటగడవడానికే కాకుండా, పదిమంది కలిసి తినడానికి కూడా అయి ఉంటుందని ఆ నేల చూస్తే అనిపిస్తుంది.

అన్నం లేకుండా మాంసమే తిన్నారా అంటే, లేదు. మట్టిని నీళ్ళలో కలిపి పైకి తేలిన మాడిన గింజల్ని వడగట్టే పద్ధతితో డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ బళ్ళారి దగ్గరి సంగనకల్లు వంటి చోట్ల వాళ్ళ పంటల్ని గుర్తించారు. అండుకొర్రలు, ఉలవలు, పెసలు. మన మెట్టపొలాల్లో అవి నేటికీ పండుతున్నాయి. ఉలవచారు మన వంటల్లో నిన్నమొన్నటిది కాదని ఆ మాడిన గింజ చెబుతోంది.

ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. ఆ ఎముకల మీద కోతగుర్తులున్నాయి. వాళ్ళు ఆవును, ఎద్దును ప్రాణంగా పెంచారు. మట్టితో ఎద్దు బొమ్మలు చేసుకున్నారు, బండల మీద పొడవు కొమ్ముల ఎద్దుల్ని చెక్కారు. ఆ పశువుల్నే తిన్నారు కూడా. ఇవాళ ఎవరి తిండి వారిది, ఎవరి నమ్మకం వారిది. నాలుగు వేల ఏళ్ళ కిందటి మనిషి పళ్ళెంలో మన ఇష్టానిష్టాలు వడ్డించే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దొరికింది దొరికినట్టు రాయడమే చరిత్ర.

పొర తప్పితే అంతా తప్పు

ఎముకను గుర్తించడం ఒక ఎత్తు, అది ఏ పొరలోదో తెలియడం ఇంకో ఎత్తు. కర్ణాటకలోని హల్లూరులో 1960ల్లో తవ్వకాలు జరిగాయి. అక్కడి పాత పొరల ఎముకల్లో గుర్రానివి ఉన్నాయని కె.ఆర్. ఆలూర్ 1971లో చెప్పారు. ఆయన పశువైద్యులు. ఎముకలు ఆయనకు కొత్త కాదు. అయినా, గుర్రం అంత తొందరగా దక్కనుకు ఎలా వచ్చిందన్న ప్రశ్న మీద వాదం దశాబ్దాలు నడిచింది. ఒక్క ముక్క ఏ పొరలో దొరికిందన్నదాని మీద ఎంత పెద్ద చరిత్ర ఆధారపడుతుందో చూడండి.

వీరాపురం కథ ఇంకో పాఠం. కృష్ణా లోయలో, శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ప్రాంతంలోని ఊరది. నీళ్ళు రాకముందే హైదరాబాద్ బిర్లా పురావస్తు సంస్థ వాళ్ళు తవ్వి, 1984లో నివేదిక ప్రచురించారు. అందులో జంతువుల ఎముకల మీద పుణె దక్కన్ కాలేజీకి చెందిన పి.కె. థామస్ రాసిన అధ్యాయం ఉంది. ఆ చోటికి ఇవాళ వెళ్దామన్నా నీళ్ళే. ఎముకల్ని ఏరి, పొరల వారీగా కట్టి, చదివించారు కాబట్టి అక్కడి మనుషుల తిండి సంగతి మనకు మిగిలింది.

పాత తవ్వకాల్లో చేతికి కనబడ్డ పెద్ద ఎముకల్నే ఏరేవారు. చేప వెన్నుపూస, కోడి కాలి ఎముక, ఉడత దవడ మట్టితో పాటు పోయేవి. దాంతో మనవాళ్ళు చేపలు తినలేదేమో అనిపించేది. తవ్విన మట్టిని సన్నకళ్ళ జల్లెడలో పోయడం అలవాటయ్యాక ఆ లోటు తీరుతోంది. మంజీర ఒడ్డున బతికినవాళ్ళు చేప ఎరుగరంటే నమ్ముతామా? జల్లెడ పట్టకపోతే కాగితం మీద అలాగే మిగిలిపోతుంది.

కుండ కూడా సాక్ష్యం చెబుతుంది. వండిన కొవ్వు మట్టికుండ గోడల్లోకి ఇంకి వేల ఏళ్ళు నిలుస్తుంది. గుజరాత్‌లోని కోటడా భడ్లీ అనే సింధు నాగరికత ఊరి కుండల్లో పాల కొవ్వు ఆనవాళ్ళున్నాయని 2020లో ప్రకటించారు. పంటి మీది పింగాణీ ఇంకా గట్టిది. వరి, గోధుమ, చెట్ల ఆకులు ఒక రకం కార్బన్ ముద్ర వేస్తాయి. జొన్న, సజ్జ, కొర్ర, ఎండపట్టు గడ్డి ఇంకో రకం ముద్ర వేస్తాయి. పశువు పంటిని పరీక్షిస్తే అది చొప్ప తిన్నదా, అడవిలో ఆకు మేసిందా చెప్పవచ్చు. మన వేడికి ఎముక లోపలి మాంసకృత్తి త్వరగా పాడవుతుంది కాబట్టి మన దగ్గర పన్నే పెద్ద దిక్కు.

మెదక్ నేల, మన పని

మరి మన మెదక్ సంగతేమిటి? ఇది నల్లరాతి గుట్టల నేల. మన ఎర్రచెల్కల్లో ఎముక సున్నం మెల్లగా కరిగిపోతుంది. కర్నూలు గుహల్లో సున్నపురాయి ఎముకను కాపాడింది, ఉట్నూరులో బూడిద కాపాడింది. మనకు ఆ వసతి లేదు. అందుకే ఇక్కడ దొరికే ఒక్కో ముక్క విలువ పదింతలు.

దొరకదని మాత్రం అనుకోవద్దు. ఉమ్మడి మెదక్ జిల్లాలోని నర్మెట్టలో, ఇప్పుడది సిద్దిపేట జిల్లా, 2017లో వారసత్వ శాఖ వాళ్ళు పెద్ద రాకాసి గుడి, అంటే పాత రాతి సమాధి, తవ్వితే మనుషుల ఎముకలతో పాటు ఎముకతో చేసిన నగలు కూడా వచ్చాయి. సమాధిలో దొరికిన జంతువు ఎముక రోజువారీ తిండి కాదు, చనిపోయినవాళ్ళకు పెట్టినది. ఊరి దిబ్బలో దొరికింది రోజువారీ తిండి. రెండూ కావాలి. ఉమ్మడి మెదక్ జిల్లాలోదే అయిన కొండాపూర్ దిబ్బను నిజాం కాలంలో, 1940ల్లో తవ్వారు. అది మరీ పాతది కాదు, శాతవాహనులనాటిది. నాణేలకు, పూసలకు అది దేశమంతా పేరు తెచ్చుకుంది. నాణెం కోసం వెతికే కళ్ళతోనే బొక్క కోసం కూడా వెతికే రోజు రావాలి.

2015లో చెరువుల్ని బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు మన చెరువుల పూడిక ట్రాక్టర్ల కొద్దీ పొలాలకు తరలింది. ఇళ్ళ పునాదులు, బావులు, రోడ్లు ఎప్పుడూ తవ్వుతూనే ఉన్నాం. ఆ మట్టిలో నల్లబడ్డ దవడో, రాయిలా బరువెక్కిన పన్నో కనబడితే మనం చేయగలిగింది చాలా ఉంది. కడగకండి. అతికించకండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. పక్కనున్న కుండపెంకును కూడా వదలకండి. ఫోటో తీసి తహశీల్దారుకో, రాష్ట్ర వారసత్వ శాఖకో చెప్పండి. పాతది అనిపిస్తే మీరే తవ్వకండి. ఒక్కసారి పొర చెదిరితే ఎంత చదువుకున్నవాడు వచ్చినా దాన్ని తిరిగి పేర్చలేడు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బడిలో ఒక అలమర పెట్టండి. గొర్రె, మేక, ఎద్దు, బర్రె, పంది, కోడి, కొర్రమీను ఎముకల్ని శుభ్రంగా ఉడికించి, పేర్లు రాసి అందులో ఉంచండి. పోల్చి చూసుకునే ఎముకల గది లేకుండా ఏ ప్రయోగశాలా ఎముకను గుర్తించలేదు. ఖర్చు లేని పని ఇది. మాంసం కొట్టు నడిపే అన్నను, మంద కాసే తాతను ఒకరోజు బడికి పిలిచి పిల్లలకు పాఠం చెప్పించండి. కీలు ఎక్కడ ఊడదీయాలో, పన్ను చూసి ఈడు ఎలా కట్టాలో వాళ్ళకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ జిల్లాలో లేరు. సారు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికే పిల్లలు ఈ బడుల్లోనే ఉన్నారు. వాళ్ళ చేతికి ఆ ఎముకలు అందేలా చూడడం మన బాధ్యత.